పడవల్లేని ఊరికి గైడు

షీఆన్ ఊళ్ళో నాకు తెలియని సందు లేదు. చైనా రాజులు కొలువున్న ఆ పాత నగరం చుట్టూ ఉన్న కోటగోడ మీద నేను సైకిలు తొక్కాను. పెద్ద గంట వేలాడే బురుజు కింద నిలబడి కారం నూడుల్స్ తిన్నాను. మట్టితో చేసిన సైనికుల్లో ఒకడి మీసం అచ్చం మా మేనమామ మీసంలా ఉందని అక్కడి అధికారితో అంటే, ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతా కంపెనీ ఖర్చు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ విమానంలో కిటికీ సీటే.

పై పేరాలో మా మేనమామకి మీసం ఉండేదన్నది నిజం. మిగతాది దుబాయ్‌లో, అల్ కుసైస్ అనే చోట ఒక లేబరు క్యాంపు గదిలో, ఇనప మంచం మీద కూర్చుని నేను తయారు చేసింది. నాలుగేళ్ళ పాటు దాన్ని నిజంలా తిప్పాను. ఆ తర్వాత అది నన్ను చెవి పట్టుకుని నిజంగానే ఆ ఊరు తీసుకెళ్ళింది.

నేను ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్‌కీపర్ని. మాది రాజోలు వైపు. దుబాయ్ వచ్చినప్పుడు తల నల్లగా ఉండేది, ఇప్పుడు తలే సరిగ్గా లేదు. సిమెంటు బస్తాలు, టైల్సు, హెల్మెట్లు, చేతి తొడుగులు ఇచ్చి పుచ్చుకోవడమే నా పని. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి నోటికి తీరిక ఎక్కువ. నా కష్టాలన్నీ ఆ తీరికలోంచి వచ్చినవే.

కరోనా వచ్చిన ఏడాది క్యాంపు గేటుకి తాళం పడింది. గదిలో ఆరుగురం. తలుపు ముందు అన్నం పొట్లాలు పెట్టి, తలుపు తట్టి, మనం తీసేలోపు వెళ్ళిపోయేవారు. కిటికీ తీస్తే పక్క క్యాంపు గోడ, దానికి వేలాడే ఏసీ డబ్బాలు. మొదట్లో అందరం ఇళ్ళకు ఫోన్లు చేసుకుని మాట్లాడాం. తర్వాత ఇటు చెప్పడానికీ అటు చెప్పడానికీ ఏమీ మిగల్లేదు. ఒక మధ్యాహ్నం పక్క గదిలోంచి ఇద్దరిని అంబులెన్సులో తీసుకుపోయారు. ఎక్కడికో, ఎలా ఉన్నారో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మా గదిలో మాట పడిపోయింది.

నా కింది మంచం ఒక మేస్త్రిది. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. బ్లాకులు పేర్చి గోడలు కట్టడం అతని పని. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ అంబులెన్సు చూశాక అసలే మాట్లాడ్డం మానేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతనికి షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాక వేళకు తినకపోతే ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట ముద్దైపోతుంది. ఒక రోజు అన్నం పొట్లాలు ఆలస్యమై అదే జరిగింది. గదిలో ఉన్న పంచదారంతా నీళ్ళలో కలిపి తాగించాం. ఆ రోజు తర్వాత అతను ఒక డబ్బా పెట్టుకున్నాడు. మూడు గిన్నెల స్టీలు డబ్బా. అందులో ఎప్పుడూ ఖుబూస్ రొట్టె, ఖర్జూరాలు, నిమ్మకాయ పచ్చడి. స్నానానికి వెళ్ళినా డబ్బా గుమ్మం బయట ఉండేది.

చైనా కథ అతనికి ధైర్యం చెప్పడం కోసమే మొదలుపెట్టానని మీరనుకుంటే నాకు బాగుంటుంది. కానీ అలా కాదు. నేను మాట్లాడకుండా ఉండలేను, అంతే. అందరూ వాళ్ళ ఊళ్ళ సంగతులు రెండేసి సార్లు చెప్పేశారు. నా దగ్గర మిగిలింది స్టోరులో గోడకున్న క్యాలెండరు ఒక్కటే. టైల్సు కోసే మిషన్లతో పాటు అమ్మినవాడు పంపిన చైనా క్యాలెండరు. నెలకో బొమ్మ. ఒక పేజీ మీద షీఆన్ అని ఇంగ్లీషులో ఉంది. మిగతా వాటి మీద వాళ్ళ లిపి. అన్నీ ఒకే ఊరి బొమ్మలని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. ఆ మిషన్లు కొనడానికి కంపెనీ నన్నే పంపిందని చెప్పి, రోజుకొక నెల చొప్పున ఆ ఊరిని గదిలోకి దింపాను. గోడ చెప్పాను, బురుజు చెప్పాను, సైనికులను చెప్పాను. ఒక పేజీలో కాలువ, దాని మీద వంపు వంతెన, కింద ఎర్ర లాంతర్లు కట్టిన పడవలు ఉన్నాయి. కోనసీమ వాణ్ణి, పడవలంటే వదుల్తానా? ఒక పూటంతా పడవలే చెప్పాను.

పడవల మీద ఉన్నప్పుడే కింది మంచం కిర్రుమంది. మేస్త్రి ఇటు తిరిగాడు.

“అన్నా, గా గోడ ఎంత వెడల్పుంటది?”

ఎన్నో రోజుల తర్వాత అతని గొంతు అది. కార్లు పోతాయన్నాను. రెండు పక్కపక్కనా అని అడిగాడు. మూడు పోతాయన్నాను. అతను లేచి కూర్చుని డబ్బా విప్పి ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. ఇక నన్ను ఆపడం ఎవరి తరం?

తాళాలు తీశారు, పనులు మొదలయ్యాయి, గదిలో మనుషులు మారారు. కథ మాత్రం గది ఖాళీ చెయ్యలేదు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా, “పెద్దాయన చైనా పోయొచ్చిండు, చెప్పించుకో” అని మేస్త్రే వాళ్ళను నా దగ్గరకు తోలేవాడు. నేను చెబుతుంటే పక్కన కూర్చుని, వదిలేసిన చోట అందించేవాడు. కొన్ని సంగతులు నాకన్నా అతనికే బాగా జ్ఞాపకం.

ఆ తర్వాత అతనికి ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. వీసా రద్దు చేసుకుని ఇంటికి పోవడం, మళ్ళీ రాకపోవడం. వయసైంది, షుగర్ ఉంది, కంపెనీ కొత్తవాళ్ళను తెచ్చుకుంటోంది. మెస్సులో అన్నం తింటూ ఈ మాట చెప్పి, చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు.

“ముప్పై ఏండ్ల సంది గోడలు కడుతున్న. ఒక్క గోడ మీద ఊకెనే నడువాలని ఉంది అన్నా. పనికి గాదు, ఊకెనే. ఇంటికి పోతే ఇగ యేడికీ పోను. ఈద్ సెలవులల్ల నువ్వు నన్ను గా ఊరికి తోల్కపో. నీతోనైతే నాకు భయం లేదు.”

అతను జీవితంలో విమానం ఎక్కింది ఇంటికి పోవడానికీ, పనికి రావడానికే. సరదాకి ఎక్కడికీ పోలేదు. ఆ ఒక్క సరదానీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. అందులోంచి వచ్చిన మాట ఏమిటంటే, “అక్కడ చలిగా ఉంటుంది, స్వెట్టరు ఉందా నీకు?”

తప్పించుకోవడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. నడుం నొప్పన్నాను. మేస్త్రి రెండు పూటలా నూనె రాసి నడుం బాగు చేశాడు. పాస్‌పోర్టు ఆఫీసులో ఉందిగా, ముదీర్ ఇవ్వడన్నాను. మా ముదీర్ అంటే మేనేజరు, పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టి తాళం నడుముకి కట్టుకునే మనిషి. ఎవరు అడిగినా బుక్రా అంటాడు, అంటే రేపు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఎందుకన్నాడు. చైనా అన్నాను. నవ్వి, లేచి, తీసి ఇచ్చాడు. అన్నేళ్ళలో ఆయన అడిగిన వెంటనే పాస్‌పోర్టు ఇచ్చింది అదొక్క రోజే.

క్యాంపు బస్సు నడిపే పఠాన్ కూడా బయల్దేరాడు. పెషావర్ వైపు మనిషి, మేం ముగ్గురం సాయంత్రాలు కలిసి టీ తాగేవాళ్ళం. నన్ను చాచా అంటాడు. ఆ ఊళ్ళో వెయ్యేళ్ళ మసీదుందని ఎవరో చెప్పారట. శుక్రవారం నమాజు అక్కడ చేసుకోవాలని అతని కోరిక. మసీదు నాకు కొత్త సంగతి. క్యాలెండరులో లేదు. “ఆఁ, ఉంది ఉంది, ఎడం వైపు” అన్నాను.

దుబాయ్‌లోనే కరామా బజారులో ఒక ట్రావెల్స్‌కి ముగ్గురం వెళ్ళాం. టికెట్లు, వీసాలు, హోటలు అన్నీ వాళ్ళే చూస్తారు. గైడుతో సహా కావాలా అని అక్కడి మనిషి హిందీలో అడిగాడు. నా ప్రాణం లేచొచ్చింది. గైడుంటే నేను నోరు మూసుకుని వెనక నడవొచ్చు. నేను తల ఊపేలోపే, గైడెందుకు, మా అన్న అంతా చూసినవాడేగా అని మేస్త్రి అందుకున్నాడు.

“గైడ్ నక్కో సాబ్. హమారా అన్నా హైనా. పూరా దేఖా ఉనే.”

ఆ మనిషి నా పాస్‌పోర్టు తిరగేశాడు. చైనా ముద్ర ఒక్కటీ లేదు. నా వైపు చూశాడు. పాత పాస్‌పోర్టులో ఉందన్నాను. అది ఊళ్ళో బీరువాలో ఉందన్నాను. ఆ బీరువా గోద్రెజ్‌దని కూడా చెప్పాను, ఎందుకో నాకే తెలీదు. అతను పళ్ళ మధ్య ఉన్న పెన్ను తీసి, కాగితం మీద గైడు అన్న ముక్క కొట్టేశాడు.

మేస్త్రి ఊరికి పోయేటప్పుడు కట్టినట్టే అట్టపెట్టె కట్టాడు. చుట్టూ టేపు, టేపు మీద తాడు, నాలుగు వైపులా స్కెచ్ పెన్నుతో పేరు. మాకు ప్రయాణమంటే అదే, ఇంకో రకం రాదు. లోపల ఏం పెట్టావంటే చలికి దుప్పటి అన్నాడు. టేపు సందులోంచి తొంగిచూస్తున్న దుప్పటి మూల మీద చైనాలో తయారైందని ఉంది. పఠాన్ అది చూసి బస్సు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పటికి నాకు నవ్వు రావడం మానేసింది.

షీఆన్ విమానాశ్రయంలో దిగి బయటికొచ్చేసరికి ఇద్దరూ ఆగి నా ముఖం చూశారు. ఎటు అని. నేను జనంలో గబగబా నడిచే ఒక కుటుంబాన్ని చూసుకుని వాళ్ళ వెనక నడిచాను. వాళ్ళు మరుగుదొడ్లకు వెళ్ళారు. “ముందు కాళ్ళు చేతులు కడుక్కోవాలి, ఇక్కడి పద్ధతి” అన్నాను. కడుక్కున్నారు.

ఆ ఊరు నేను చెప్పిన దానికి పదింతలుంది. నాకు ఊరు నచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. నేను ఊరిని చూడలేదు, నా వెనక వచ్చే ఇద్దరి ముఖాలే చూశాను. ఎంత వెడల్పు రోడ్లో, నాకు మాత్రం గదిలో ఉన్నట్టే ఉంది. తాళం వేసిన గదిలో ఊరు కనిపించింది, ఊళ్ళో తిరుగుతుంటే తాళం కనిపిస్తోంది. పఠాన్ మాత్రం గంటలో సుఖపడ్డాడు. కాల్చిన మాంసం వాసన పట్టుకుని మసీదు దగ్గరి బజారు అతనే వెతికేశాడు. అక్కడ టోపీలు పెట్టుకున్న ముసలాయనలతో సలాం చెప్పుకుని, రొట్టె తుంచి పులుసులో వేసుకుని తిన్నాడు. మసీదు కుడి వైపునుంది.

మేస్త్రి అన్నీ చూశాడు. బురుజు చూసి, నువ్వు చెప్పినట్టే ఉందన్నాడు. నూడుల్స్ తిని, నువ్వు చెప్పినంత కారం లేదన్నాడు. ఒక్క సంగతి మాత్రం వదల్లేదు.

“పడవలు యేడున్నయ్ అన్నా?”

నీళ్ళు తగ్గి ఉంటాయన్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. కాలువ పూడ్చి రోడ్డు వేశారేమో అన్నాను. అతను తల ఊపి, ఆ రోడ్డు ఏదని అడిగాడు. ఒక రోడ్డు చూపించాను. దాని వైపు చాలాసేపు చూశాడు.

గోడ ఎక్కింది శుక్రవారం. పఠాన్ నమాజుకి వెళ్తూ, అయిపోయాక ఎక్కడ కలవాలని అడిగాడు. గోడ మీద నుంచి పడమటి గేటు దగ్గర దిగుతాం, అక్కడుండు అన్నాను, గోడంటే మా పెరటి గోడన్నట్టు. హోటలు పలహారంలో ఏది ఏ మాంసమో తెలియక మేస్త్రి టీ, అరటిపండుతో సరిపెట్టుకున్నాడు. మాత్ర మాత్రం వేసుకున్నాడు. బయల్దేరేటప్పుడు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

అది వద్దని నేనే అన్నాను. గోడ మీద అడుగడుక్కీ దుకాణాలుంటాయి, నేను తిన్నానుగా అన్నాను. కథలో తిన్నానని చెప్పాను కాబట్టి అనక తప్పలేదు. ఇంకొకటీ ఉంది. ఇద్దరం ఇస్త్రీ బట్టలు వేసుకున్నాం, నేను చలువ కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను, మధ్యలో ఆ స్టీలు డబ్బా చూస్తే సైటుకి పోతున్నట్టే ఉంది. నాకు నామోషీ వేసింది. అతను డబ్బా మంచం మీద పెట్టి, దాని మీద దుప్పటి కప్పాడు.

దక్షిణం గేటు దగ్గర మెట్లెక్కాం. పైన సైకిళ్ళు అద్దెకిస్తున్నారు. నేను సైకిలు దిగి నలభై ఏళ్ళు దాటింది. కానీ కథలో తొక్కానుగా. సైకిళ్ళ దగ్గర ఉన్న అమ్మాయి నా తలా గడ్డమూ చూసి, చెయ్యి అడ్డంగా ఊపేసింది. ముసలాళ్ళకు ఇవ్వరు కాబోలు. వయసుకి నేను దణ్ణం పెట్టుకున్న రోజు అదే.

గోడ మీద మేస్త్రి నడిచిన తీరు చెప్పాలి. అక్కడ నిజంగానే కార్లు పట్టేంత వెడల్పు. బూడిద రంగు ఇటుకలు. అతను చెప్పులు చేతిలోకి తీసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, కొత్తిల్లు చూడ్డానికి వచ్చిన యజమానిలా నడిచాడు. అక్కడక్కడా ఆగి ఇటుకను అరచేత్తో కొట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకవైపు పాత ఊరి కప్పులు, మరోవైపు ఆకాశాన్నంటే భవనాలు. చల్లటి గాలి. దుకాణం ఒకటి కనిపించింది, మూసి ఉంది.

మధ్యలో ఒక గేటు వచ్చింది. కిందికి మెట్లున్నాయి, మనుషులు దిగుతున్నారు. ఇక్కడ దిగి ఏమన్నా తిందామా అన్నాడు. ఇది కాదు, ముందున్నది పడమటి గేటు, అక్కడే తిళ్ళు బాగుంటాయి, అదిగో ఆ మూల బురుజు తిరిగితే వచ్చేస్తుంది అన్నాను. ఆ బురుజు క్యాలెండరులో ఉంది. ఆ ధైర్యంతో అన్నాను. బొమ్మలో దూరం కనపడదు.

నడిచాం. బురుజు దగ్గరికి రావడానికే చాలాసేపు పట్టింది. తిరిగాం. ముందర మళ్ళీ అంతే గోడ, చివర కనిపించనంత. కిందికి దిగే దారి ఎక్కడా లేదు. రెండు పక్కలా రంపపు పళ్ళలాంటి పిట్టగోడ, దాని కిందికి నాలుగంతస్తుల లోతు. వెనక్కి పోవాలన్నా అంతే దూరం.

“ఎంత దూరం అన్నా?”

“ఇదిగో, వచ్చేశాం.”

మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ చలిగాలిలో అతని చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. చేతిలో చెప్పులు వణుకుతున్నాయి. చెప్పులు వేసుకో తమ్ముడూ అంటే, వాటిని తిప్పి తిప్పి చూశాడు గానీ ఏ కాలిదేదో తెలియలేదు. ఆ చెమట నాకు తెలుసు. తాళం వేసిన గదిలో చూశాను.

జేబులు తడుముకున్నాను. పళ్ళు కుట్టుకునే పుల్లలు, హోటలు సబ్బు. అంతే.

అతన్ని పిట్టగోడకి ఆనించి కూర్చోబెట్టబోయాను. వద్దన్నాడు. నాలుక మందమైపోయింది.

“గేటు వచ్చిందంటివి గదా. పోదాం పా. నీకు ఎరుకేగదా.”

నా మాట మీద నమ్మకంతో అతను ఇంకా నడవాలని చూస్తున్నాడు. నేను నిజం చెబితే తప్ప కూర్చోడు. ఆ గోడ మీద నాకు మిగిలిన దారి అదొక్కటే.

“నాకు తెలీదు తమ్ముడూ. గేటు ఎక్కడుందో తెలీదు. నేనీ ఊరు ఎప్పుడూ రాలేదు. స్టోరులో క్యాలెండరు ఉండేది చూడు, దాన్ని చూసి చెప్పాను. కూర్చో.”

అతను నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. తిడతాడేమోనని దగ్గరికి వంగాను.

“మరి పడవలు?”

“అవి వేరే ఊరివై ఉంటాయి.”

కళ్ళు మూసుకున్నాడు.

దూరంగా ఎర్ర కోటు వేసుకున్న ఒక ముసలమ్మ, తోటి ఆడవాళ్ళతో ఫొటోలు దిగుతోంది. నేను పరుగెత్తాను. పరుగెత్తాను అని రాశాను గానీ, నా వయసులో దాన్ని పరుగనరు. అరిచాను. ఏ భాషలో అరిచానో తెలీదు. దగ్గరికెళ్ళి, మా సైట్లలో తెలుగు రాని వాడితో, హిందీ రాని వాడితో మాట్లాడినట్టే చేతులతో మాట్లాడాను. మేస్త్రిని చూపించాను. చేతులు వణికించి చూపించాను, నుదుటి చెమట తుడిచి చూపించాను, వేళ్ళు నోటి దగ్గర పెట్టాను. ఆమెకు సగంలోనే అర్థమైంది. సంచీలోంచి బెల్లం పాకం పట్టినట్టున్న ఎర్ర పళ్ళ పుల్ల తీసి నా కన్నా ముందు ఆమె నడిచింది. వాళ్ళలో ఇంకొకావిడ ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి, చాక్లెట్లు కలిపింది. పాకం ముక్కలు విరిచి విరిచి అతని నోట్లో పెట్టాం. మింగు, మింగు అని నేను తెలుగులో, ఆమె చైనీసులో.

కాసేపటికి వణుకు తగ్గింది. అతను పుల్ల తన చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు ఎర్ర కోటావిడ నా వైపు తిరిగి నన్ను తిట్టింది. వేలు చూపించి, గుక్క తిప్పుకోకుండా తిట్టింది. చైనా భాష నాకు ఒక్క ముక్క రాదు. ఆ రోజు ప్రతి మాటా అర్థమైంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వెళ్ళేటప్పుడు మిగిలిన చాక్లెట్లు మేస్త్రి జేబులో వేసి, నా జేబులో ఒక్కటీ వెయ్యకుండా పోయింది.

మేమిద్దరం ఇటుకల మీద కూర్చున్నాం. అతను పుల్లకున్న పళ్ళన్నీ ఒక్కొక్కటే తిన్నాడు. నేను నోరు మూసుకుని చూశాను. నా గురించి తెలిసినవాళ్ళు ఈ సంగతి నమ్మరు.

“అబద్ధం చెప్పినవ్, చెప్పినవ్,” అన్నాడు చివరికి. “అప్పుడు గదిల గా ముచ్చట లేకపోతే నాకు పిచ్చి లేసేది. గా ముచ్చట వేరు. నా డబ్బా ఎందుకు వద్దన్నవ్?”

ఈసారి ఏమీ అల్లలేదు. నామోషీ వేసిందని చెప్పాను.

“ఎవల ముందట?” అని అడిగాడు. చుట్టూ చూశాను. గోడ మీద మమ్మల్ని తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పడమటి గేటు చేరేసరికి పఠాన్ అక్కడే పచార్లు చేస్తున్నాడు. “చాచా, చీన్ కీ పూరీ దీవార్ ఘుమాదీ క్యా?” అని, చైనా గోడంతా తిప్పుకొచ్చావా అన్నట్టు నా మీద ఎగిరాడు. మేస్త్రి ముఖం చూసి ఆగిపోయాడు. ఇద్దరికీ చెరో చెయ్యి అందించి బజారుకి తీసుకెళ్ళి, పులుసులో రొట్టె తుంచి పెట్టాడు. తినడమయ్యాక మేస్త్రి అతనికి అంతా చెప్పాడు. పఠాన్ నన్ను చూసి, మసీదు ఎడం వైపన్నప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. మిగిలిన రోజులు పఠానే గైడు. మేస్త్రి డబ్బా నేను మోశాను. ఇస్త్రీ చొక్కా మీద, కళ్ళజోడుతో.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం మెస్సులో అందరూ చుట్టూ మూగారు. నేను బల్ల చివర కూర్చుని టీ గ్లాసులోకి చూస్తున్నాను. మేస్త్రి ఇప్పుడు చెబుతాడు, చెప్పాలి కూడా, చెప్పే హక్కుంది. చెబితే ఈ క్యాంపులో నా నోటికి విలువ ఖలాస్. అప్పటికే నేను మనసు రాయి చేసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం జ్వరమని పడుకుందామనుకున్నాను, పఠాన్ లేపి తీసుకొచ్చాడు.

ఎట్లుందని ఎవరో అడిగారు. మేస్త్రి డబ్బా ముందు పెట్టుకుని తీరిగ్గా మొదలుపెట్టాడు.

“గోడ మీద మూడు గాదు, నాలుగు కార్లు పోతయ్. అన్న తక్కువ చెప్పిండు. అన్న లేకపోతే నేను గోడ దిగకపోదును, గా మాట మాత్రం నిజం. ఒక ముసలమ్మ ఉన్నది గోడ మీద, అన్నను చూసుడుతోనే గుర్తుపట్టింది. గిన్ని దినాలు యేడ వోయినవని ఎంత తిట్టుడు తిట్టిందో.”

పఠాన్‌కి టీ ముక్కులోకి పోయింది. ఎవరో పడవల సంగతి అడిగారు. మేస్త్రి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“ఉన్నయ్,” అన్నాడు. “ఈసారి నీళ్ళు తక్కువ ఉండె.”

వారం తిరక్కుండా అతను వెళ్ళిపోయాడు. అట్టపెట్టె కట్టడానికి నేను టేపు పట్టుకున్నాను, అతను తాడు లాగాడు. డబ్బా పెట్టెలో పెట్టబోతే తీసి నా మంచం మీద పెట్టాడు. నాకు షుగర్ లేదయ్యా అన్నాను. నీకు కాదు, నీ వెంట వచ్చినోళ్ళకు అన్నాడు.

అతను చెప్పింది అప్పుడు నాకు ఎగతాళిలా వినిపించింది. ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సాయంత్రం తర్వాత క్యాంపులో నేను ఖాయమైన గైడుని. అంతకుముందు అది నా అబద్ధం, కావాలంటే ఒప్పుకుని బయటపడే వీలుండేది. ఇప్పుడు దానికి మేస్త్రి సాక్షి. నేను ఒప్పుకుంటే అతను అబద్ధాలకోరవుతాడు. ఒక శుక్రవారం ఉండబట్టలేక ఫోన్ చేసి, అందరికీ చెప్పేస్తాను తమ్ముడూ అన్నాను.

“చెప్పకు అన్నా,” అన్నాడు. వెనక పిల్లలు అల్లరి చేస్తున్నారు. “మా ఊరంత చెప్పిన. పడవల ముచ్చట మూడు దినాలు చెప్పిన. మనుమరాలు బొమ్మ గూడ గీసింది. ఇప్పుడు లేవంటే నా ఇజ్జత్ ఏం గావాలె?”

కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్లు ముగ్గురు వచ్చే ఈద్‌కి టికెట్లు చూస్తున్నారు. కరామా ట్రావెల్స్‌లో గైడు కావాలా అని అడిగితే, అక్కర్లేదని వీళ్ళే చెప్పారట. నిన్న సాయంత్రం వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు. పడవలు ఏ వైపని ఒకడు అడిగాడు. క్యాలెండరు ఎప్పుడో చిరిగిపోయింది. కిటికీలోంచి పక్క క్యాంపు గోడ కనిపిస్తోంది.

నీళ్ళుంటే దక్షిణం గేటు దగ్గర ఉంటాయని చెప్పాను. తర్వాత, మీలో షుగర్ ఎవరికుందని అడిగాను. ఒకతను చెయ్యెత్తాడు. మంచం కింది నుంచి డబ్బా తీసి, దుమ్ము దులిపి, దాన్ని ఎలా మూస్తే గట్టిగా పడుతుందో అతనికి చూపించాను.